మెట్లు రాశారు, ఎందుకో రాయలేదు

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఏమైందంటే మోటరు కాలిందన్నాడు. మాది చాపాడు, ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే రోడ్డు మీద. చిన్నాయన చేను కుందూ ఒడ్డున. ఆడ ఒక రేకుల షెడ్డు, అందులో మోటరు, స్టార్టరు, ఒక నులక మంచం. పండగపూట పసుపుకు తడి కట్టాల్సిన మనిషి, మోటరును విప్పి ఆటోలో వేసుకుని ప్రొద్దుటూరు పోదాం రా అన్నాడు. నేనూ ఎక్కినాను.

పోయే ముందు ఆ షెడ్డు గోడ చూసినాను. స్టార్టరు పక్కన ఎవరో బొగ్గుతో రాసిపెట్టారు:

1. మెయిన్ ఎత్తు
2. బల్బులు చూడు
3. పచ్చ బటన్ నొక్కు
4. మూలిగితే ఎర్ర బటన్ నొక్కి, కండెన్సరు వేసి, మళ్ళీ పచ్చది నొక్కు

నాలుగైదేళ్ళ కిందట స్టార్టరు బిగించిన ఎలక్ట్రీషియన్ రాసిపోయాడట. అప్పటి నుంచి చిన్నాయన, ఆయన కొడుకు, రాత్రి కరెంటుకు కాపలా పండుకునే మనిషి, అందరూ దాన్నే చూసి నడుపుతున్నారు. ఒక్కసారి కూడా తప్పుపోలేదు. ఆ రాత్రి కూడా కాపలా మనిషి అందులో ఉన్నదే చేశాడు. మోటరు మూలిగింది, కండెన్సరు వేశాడు, పచ్చది నొక్కాడు. అరగంటకు షెడ్డు నిండా కాలిన వార్నీష్ వాసన.

ప్రొద్దుటూరులో రీవైండింగ్ షాపాయన మోటరు విప్పి, నల్లబడిన కాయిల్ చూసి, ఒకటే ప్రశ్న అడిగాడు. "అన్నా, ఇది ఎన్ని హెచ్‌పీ?" ఏడున్నర, పోయినేడాది మార్చినా అన్నాడు చిన్నాయన. అంతకుముందు అయిదు. "కండెన్సరు మార్చినావా?" లేదు. "అదీ సంగతి. మూడు మంది మోసే మూటను ఇద్దరు మోస్తాండారు అనుకో. మూట చిన్నదైతే ఎట్లో మోస్తారు. నువ్వు మూట పెద్దది చేసి ఆ ఇద్దర్నే మోయమంటివి. నడుములు ఇరక్కుండా ఏమైతాయి? ఆ డబ్బా మూడో మనిషి కాదన్నా. మూడో మనిషి ఉన్నట్టు నటిస్తాది, అంతే."

నేను ఎలక్ట్రికల్ చదవలేదు, కానీ నాలుగేళ్ళ బీటెక్‌లో ఒక సెమిస్టరు బేసిక్ ఎలక్ట్రికల్ అని ఒక పేపరు రాసి, గట్టెక్కి, మర్చిపోయినవాణ్ణే. మూడు ఫేజుల మోటరుకు ఒక ఫేజు పోతే మిగిలిన రెండు తీగల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లు అవుతుందని, రూట్ మూడు అని, అది ఎక్కడి నుంచి వస్తుందో కూడా అప్పట్లో రాశాను. మార్కులు కూడా వేశారు. ఆయన మూట కథ చెప్పేదాకా అది నాకు అర్థం కాలేదని ఒప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

ఇప్పుడు ఆ గోడ మీది నాలుగు మెట్లు మళ్ళీ చదవండి. వాటిలో తప్పుందా? రాసిన రోజున లేదు. అయిదు హెచ్‌పీ మోటరుకు, దానికి తగ్గ కండెన్సరుకు అవి సరైన మెట్లే. తప్పు ఎక్కడుందంటే, ఆ నాలుగో మెట్టు ఎందుకు పనిచేస్తుందో అక్కడ లేదు. "ఈ డబ్బా అయిదు హెచ్‌పీకే సరిపోతుంది" అని ఒక్క వాక్యం బొగ్గుతో రాసుంటే, మోటరు మార్చిన రోజే ఎవరో ఒకరు ఆగి ఆలోచించేవాళ్ళు. ఎందుకో రాయకపోవడం వల్ల, ఎప్పుడు చేయకూడదో తెలియకుండా పోయింది.

ప్రొద్దుటూరు నుంచి వెనక్కి వస్తుంటే ఆటోలో నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. నవ్వకండి, నిజంగానే గుర్తొచ్చింది.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు వద్దు, ఈ కథ చదివే ప్రతివాడూ తన కంపెనీయే అనుకుంటాడు) ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్నాను. రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. మెసేజ్ క్యూ ఆగిపోయింది. రన్‌బుక్ తెరిచాను. మన రన్‌బుక్కులు మీకు తెలిసినవే. చక్కగా నంబర్లు వేసి, స్క్రీన్‌షాట్లు పెట్టి, ఎర్ర బాణం గుర్తులు గీసి ఉంటాయి. "క్యూ కదలకపోతే కన్స్యూమర్ సర్వీసును రీస్టార్ట్ చేయండి." చేశాను. క్యూ కదిలింది. టికెట్ మూసేసి పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే, చాలామంది కస్టమర్ల కార్డుల్లోంచి ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బులు కోసేశాం.

జరిగిందేమిటంటే, పని పూర్తి చేసి "అందింది" అని క్యూకు చెప్పేలోపు సర్వీసును నేను చంపేశాను. క్యూకు ఆ సంగతి తెలియదు కాబట్టి అదే మెసేజిని మళ్ళీ ఇచ్చింది. క్యూలు చాలావరకు పనిచేసేదే అలా. కనీసం ఒకసారి అందుతుందని మాత్రమే హామీ, ఒక్కసారే అందుతుందని కాదు. కాబట్టి ఒకే మెసేజి రెండుసార్లు వచ్చినా ఫలితం ఒకటే అయ్యేలా తీసుకునేవాడే రాసుకోవాలి. మా పేమెంట్ కోడు అలా రాసి లేదు.

ఆ రన్‌బుక్ రాసినాయన అప్పటికే ఉద్యోగం మారి దేశం దాటాడు. మెసేజ్ పెడితే పాపం వెంటనే జవాబిచ్చాడు. "అయ్యో, నేను రాసినప్పుడు ఆ క్యూలో లాగ్స్ తప్ప ఏమీ పోయేవి కావు. పేమెంట్లు ఎప్పుడు ఎక్కించారు?" అదే కథ! అయిదు హెచ్‌పీ ఏడున్నర అయ్యింది, గోడ మీది రాత మాత్రం మారలేదు. "ఇందులో పోయేవి లాగ్స్ కాబట్టి రీస్టార్ట్ చేసినా ఫర్వాలేదు." ఆయన తలలో ఉన్న ఈ ఒక్క వాక్యం కాగితం మీదకు రాలేదు. ఆయనకు అది మరీ తెలిసిన సంగతి. అందుకే రాయాలని తోచలేదు.

థియరీ అనగానే మనవాళ్ళకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, లోకల్ ఆథర్ గైడు, పది మార్కుల ప్రశ్న గుర్తొస్తాయి. "థియరీ వదిలెయ్ బాస్, ప్రాక్టికల్‌గా చెప్పు" అనేది మన ఆఫీసుల్లో రోజుకు పదిసార్లు వినిపించే మాట. నేను అంటున్న థియరీ ఆ గైడులోది కాదు. ఈ మెట్టు ఏ కారణం వల్ల సరైనదో, ఆ కారణం ఎప్పుడు చెల్లకుండా పోతుందో చెప్పే మాట. రీవైండింగ్ షాపాయన చెప్పిన మూట కథ థియరీయే. దానికంటే ప్రాక్టికల్ అయింది ఆ రోజు ప్రొద్దుటూరులో ఇంకేదీ లేదు.

డెన్మార్కుకు చెందిన పీటర్ నౌర్ అని ఒకాయన ఉండేవాడు. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళకు బాకస్–నౌర్ ఫారం అనే పేరులో సగం ఆయనే. 1985లో ప్రోగ్రామింగ్ అంటే థియరీ కట్టుకోవడం అని ఒక వ్యాసం రాశాడు. ఆయన వాదన సుమారుగా ఇది: ప్రోగ్రామ్ అంటే కోడు కాదు, డాక్యుమెంట్లు కాదు, రాసినవాళ్ళ తలల్లో ఏర్పడిన అవగాహన. ఆ జట్టు చెదిరిపోయిన రోజున కోడు నడుస్తూనే ఉన్నా ప్రోగ్రామ్ చచ్చిపోయినట్టే. మన పరిశ్రమలో సగం మంది బతుకు ఇలా చచ్చిన ప్రోగ్రాములకు సంరక్షకులుగా గడుస్తోంది. వైటూకే రోజుల్లో ఇక్కడి నుంచి విమానాలెక్కిన మన సీనియర్లను అడగండి. రాసినవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయిన కోబాల్ కోడులో తేదీల కోసం వెతకడం అంటే ఏమిటో కథలు కథలుగా చెబుతారు.

ఎందుకో తెలుసుకోకుండా మెట్లను మోసుకుపోతే ఎంత పెద్ద దెబ్బ తగులుతుందో చెప్పడానికి మా ఊరి పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. కేసీ కెనాల్.

చిన్నప్పుడు మాకు అది కేవలం ఈతకొట్టే కాలువ. దాని పూర్వకథ తర్వాతెప్పుడో చదివాను. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టా పచ్చబడింది, శిస్తు పెరిగింది, సర్ ఆర్థర్ కాటన్ పేరు మారుమోగింది. నదికి అడ్డంగా ఆనకట్ట వేయి, కాలువ తవ్వు, పొలాలకు నీళ్ళివ్వు, అదే కాలువలో పడవలు నడుపు, డబ్బులు వాటంతటవే వస్తాయి. ఈ మెట్లను తీసుకొచ్చి తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర పెట్టారు. లండన్‌లో షేర్లు అమ్మి పుట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, వడ్డీకి ప్రభుత్వం హామీ ఉండి, 1860లలో కర్నూలు నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వింది. ఖర్చు అంచనాలు దాటిపోయింది. పడవలు అనుకున్నంతగా తిరగలేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, రైతులు నీళ్ళు తీసుకోలేదు!

గోదావరి డెల్టా వేరు, ఇక్కడి నల్లరేగడి వేరు. రేగడి నేల వాన నీటిని పట్టి ఉంచుతుంది. జొన్న, కొర్ర, పత్తి ఆ తేమతోనే పండేవి. మామూలు ఏడాదిలో దానికి కాలువ నీళ్ళు పెడితే లాభం కన్నా చేను చవుడెక్కుతుందన్న భయమే ఎక్కువ. వానలు ఎగ్గొట్టిన ఏడాదే రైతుకు కాలువ గుర్తొచ్చేది. రాబడి రాక కంపెనీ చతికిలబడింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. డెల్టాలో మెట్లు ఎందుకు పనిచేశాయో (ఎలాంటి నేల, ఏ పంట, రైతుకు అప్పటికే ఉన్న అలవాటేమిటి) అనే కాగితం కర్నూలు దాకా రాలేదన్నమాట. వచ్చిందల్లా రన్‌బుక్కే. న్యాయంగా చెప్పాలంటే, తర్వాతి కాలంలో పంటలు మారాయి, వరి వచ్చింది, ఇప్పుడు అదే కాలువలోకి నీళ్ళు ఎప్పుడు వదులుతారా అని మా ఊళ్ళో ఆకాశం కన్నా ఎక్కువగా దాన్నే చూస్తారు. కాలువ చెడ్డది కాదు. దాన్ని అమ్మినప్పుడు చెప్పిన లెక్క ఇక్కడి లెక్క కాదు.

మరి కడప జిల్లాలో ఎందుకో రాసిపెట్టిన వాడు ఎవడూ లేడా అంటే, ఉన్నాడు. అదీ ఆరున్నర శతాబ్దాల కిందట, రాతి మీద.

మా ఊరి నుంచి మైదుకూరు మీదుగా పోతే పోరుమామిళ్ళ. అక్కడి చెరువు 1369 నాటిది. కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. చెరువుకు పెట్టిన పేరు అనంతరాజసాగరం. కట్టించిన వాళ్ళు శాసనం వేయించడం మామూలే. తమ వంశం, పుణ్యం, దానం, పాడుచేస్తే పాపం. ఇదీ అలాగే మొదలవుతుంది కానీ మధ్యలో ఉన్నట్టుండి టెక్నికల్ డాక్యుమెంట్‌గా మారుతుంది. మంచి చెరువుకు 12 అంగాలు ఏమిటో, 6 దోషాలు ఏమిటో వరుసగా చెబుతుంది.

ఆ పన్నెండింట్లో ధర్మబుద్ధి, డబ్బు ఉన్న రాజు ఒకటి (స్పాన్సర్ లేకుండా ప్రాజెక్టు లేదు, అప్పుడైనా ఇప్పుడైనా). నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఒకటి. గట్టి బంకమట్టి నేల. తీపి నీళ్ళ ఏరు. ఆనుకోడానికి కొండ. ఆ కొండ కొసల మధ్య మరీ పొడవు కాకుండా, గట్టిగా, రాతితో కట్టిన కట్ట. వెడల్పూ లోతూ ఉన్న గర్భం. నిడుపాటి రాళ్ళు దొరికే గని. దిగువన చదునైన మంచి పొలాలు. కట్టడం తెలిసిన పనివాళ్ళు. దోషాలేమో ఇవి: కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీళ్ళు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం.

సరిహద్దు దోషం చూశారా! నీటి తగాదాల మీద తెలుగువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. అది ఇంజినీరింగ్ దోషమేనని, కట్టకముందే చూసుకోవాలని 1369లో రాతి మీద చెక్కారు. చివరి రెండు దోషాలైతే, వచ్చే నీటికీ తడిపే నేలకూ లెక్క కుదరాలన్న సూత్రమే. మన భాషలో కెపాసిటీ ప్లానింగ్. శాసనం పనివాళ్ళ లెక్కా చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని.

యూనిక్స్ మాన్యువల్ 1971లో మొదటిసారి వచ్చినప్పుడే అందులో ప్రతి కమాండ్ కింద బగ్స్ అని ఒక విభాగం ఉండేది. ఇది చేయలేదు, ఇక్కడ జారుతుంది, అని తామే ఒప్పుకునేవాళ్ళు. పోరుమామిళ్ళ ఆరు దోషాలు చదువుతుంటే నాకు ఆ విభాగమే గుర్తొచ్చింది. మెట్లు మాత్రమే రాసేవాడు ఈ విభాగం రాయలేడు. ఎందుకో తెలిసినవాడే ఎక్కడ పనిచేయదో చెప్పగలడు.

ఇక్కడిదాకా బాగుంది. కానీ ఆ శాసనం సంస్కృతంలో ఉంది.

అంటే ఆ చెరువు కట్ట మీద రాళ్ళు మోసిన వెయ్యి మందిలో దాన్ని చదివి అర్థం చేసుకోగలిగిన వాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? తూము ఎత్తి దించే నీరుగంటికి ఆ ఆరు దోషాలు ఎవరు చదివి వినిపించారు? కట్ట ఎక్కడ ఊరుతుందో, తూము దగ్గర సుడి ఎలా తిరిగితే ప్రమాదమో వాడికి ఎలాగూ తెలుసు, కానీ వాడికి తెలిసింది ఆ రాతి మీదకు ఎక్కలేదు. పన్నెండో అంగం "పని తెలిసిన మనుషులు" అంటుంది. ఆ మనుషులకు తెలిసిన పని ఏమిటో చెప్పదు. థియరీ ఒకవైపు, దాన్ని వాడాల్సినవాళ్ళు ఇంకోవైపు. థియరీ ఉంటే చాలదు, పదిమందికీ ఉమ్మడి సొత్తు కావాలి అని నేను అనుకోవడం మొదలుపెట్టింది ఇక్కడే.

తమాషా ఏమిటంటే, రాజులు ప్రజల భాషలోకి దిగిన మొదటి జాడా మా వైపే దొరికింది. ప్రొద్దుటూరుకు అటువైపు, ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో రేనాటి చోళుల శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానిది. ఇప్పటిదాకా దొరికినవాటిలో తొలి తెలుగు శాసనంగా చెప్పుకునేది అదే. అంతకుముందు శాసనాలన్నీ ప్రాకృతంలోనో, సంస్కృతంలోనో. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు తెలుగులో వేయించాడు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత అదే సీమలో, చెరువు శాస్త్రం మళ్ళీ సంస్కృతంలోకి పోయింది. దానం తెలుగులో, శాస్త్రం పెద్ద భాషలో అనే అలవాటు మనకు కొత్తగా వచ్చింది కాదు. ఇప్పుడు ఆ పెద్ద భాష పేరు మారింది, అంతే.

దీనికి ఎదురు నడిచినవాళ్ళూ ఉన్నారు. నన్నయ కాలానికి అటూ ఇటూగా పావులూరి మల్లన సారసంగ్రహ గణితం రాశాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహానికి తెలుగు. ఉన్నదున్నట్టు దింపలేదు. కొన్ని లెక్కలు వదిలాడు, తన సొంత లెక్కలు చేర్చాడు. మన భాషలో కావ్యాలు మొదలైన రోజుల్లోనే గణితమూ ఉందన్నమాట. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాల మీద కూడా తెలుగులో పుస్తకాలు వేశారు. ఆయన విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే 1923లో కన్నుమూశాడు. 1968లో తెలుగు అకాడమీ వచ్చి పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఎవరూ పనిచేయలేదని అనడం అన్యాయం.

మరి కంప్యూటర్ల గురించి తెలుగులో మనం రాసేదాంట్లో లోటు ఎక్కడుంది? తెలుగులో కంప్యూటర్ల మీద నేను చదివినవాటిలో నూటికి తొంభై రెండు రకాలు. మొదటి రకం, "ఇక్కడ క్లిక్ చేయండి, ఓకే నొక్కండి, అయిపోయింది." చిన్నాయన గోడ. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన రోజున బటన్ జాగా మారుతుంది, వ్యాసం చచ్చిపోతుంది. రెండో రకం, "కంప్యూటర్ అంటే ఏమిటి" దగ్గర మొదలై, అక్కడే ఆగిపోయేది. ప్రతివాడూ సున్నా దగ్గర మొదలుపెడతాడు. ముందువాడు రాసింది ఉందని, దాని మీద ఇంకో అంతస్తు కట్టొచ్చని ఎవడూ అనుకోడు. నేనూ అందులో ఒకణ్ణే. నా పాత రాతలు తవ్వితే సిగ్గుతో చచ్చిపోతాను :)

ఒక ఉదాహరణ చెబుతాను. డెడ్‌లాక్. ఇంగ్లీషులో రాసేవాడు ఆ మాట అనేసి ముందుకు పోగలడు, ఎందుకంటే చదివేవాడు కాలేజీలో ఆ పాఠం చదివుంటాడని ధీమా. తెలుగులో రాసేవాడికి ఆ ధీమా లేదు. అందుకని "డెడ్‌లాక్ వస్తే సర్వీసు రీస్టార్ట్ చేయండి" అని తప్పుకుంటాడు. కానీ అసలు సంగతి కాలువ గట్టు మీద చూపించవచ్చు. గట్టు మీద ఒక్క బండి పట్టే దారి. ఎదురెదురుగా రెండు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి. ఒక జాగాలో ఒకటే పడుతుంది. ఎవడి జాగా వాడు వదలకుండా అవతలివాడి జాగా అడుగుతున్నాడు. ఎవణ్ణీ బలవంతంగా వెనక్కి నెట్టేవాడు లేడు. నువ్వు కదిలితే నేను, నేను కదిలితే నువ్వు. ఈ నాలుగూ కలిస్తేనే చిక్కు. 1971లో కాఫ్‌మన్, మరో ఇద్దరు కలిసి రాసిన పత్రంలో ఈ నాలుగు షరతులూ ఉన్నాయి. నాలుగింట్లో ఏ ఒక్కటి తెంపినా చిక్కు విడిపోతుంది. డేటాబేస్ చేసేది మూడోదాన్ని తెంపడం. రెండు ట్రాన్సాక్షన్లలో ఒకదాన్ని పట్టుకుని వెనక్కి నెట్టేస్తుంది. మీ లాగ్‌లో "డెడ్‌లాక్ విక్టిమ్" అని కనిపించేది ఆ వెనక్కి పోయిన ట్రాక్టరే. తాళాలన్నీ అందరూ ఒకే వరుసలో వేయాలి అని టీములో పెట్టుకునే నియమం నాలుగోదాన్ని తెంపడం. పొద్దున ఇటు నుంచే, సాయంత్రం అటు నుంచే అన్నట్టు.

ఇది పది వాక్యాలు. ఒకసారి ఎవరో ఒకరు సరిగ్గా రాసిపెడితే, తర్వాత రాసేవాడు దాన్ని చూపించి తన పని తాను చేసుకోవచ్చు. డెడ్‌లాక్ అనండి, ప్రతిష్టంభన అనండి, పీటముడి అనండి, నాకు గొడవ లేదు. పదాల దగ్గర కొట్టుకుని అసలు సంగతి మర్చిపోవడం మనకున్న ఇంకో జబ్బు. మాట ఏదైనా, దాని వెనక ఉన్న నాలుగు షరతులు మన ఇద్దరికీ తెలుసని నాకు నమ్మకం ఉండాలి. టెక్నికల్ రాతలో ఉమ్మడి జ్ఞానమంటే నేను అనుకునేది అదే. రాసేవాడు ఎక్కడ మొదలుపెట్టొచ్చో అది చెబుతుంది.

ఇదంతా ఒక మిత్రుడికి చెబితే మూడు మాటలన్నాడు. మొదటిది, టైం లేదు. దీనికి జవాబు చెప్పను. రెండుసార్లు కోసిన డబ్బులు వాపసు ఇవ్వడానికి మాకు ఎన్ని రోజులు పట్టిందో అతనికి తెలుసు, పక్క సీటే. రెండోది, ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే మెట్లన్నీ తెలుగులో కూడా ఇచ్చేస్తుంది కదా, ఎవడు రాయాలి? నిజమే, ఇస్తుంది. మెట్లు చవకైపోయాయి. కానీ మా క్యూలో లాగ్స్‌కు బదులు పేమెంట్లు ఎక్కించారని దానికి ఎవడు చెప్పాడు? అది తెలిసినవాడు రాయకపోతే, ఏ యంత్రమూ దాన్ని ఊహించి చెప్పలేదు. పైగా చిన్నాయన గోడ లాంటి వాటిని చదివే అది కూడా నేర్చుకుంటుంది.

మూడోది గట్టి మాట. "నువ్వు చెప్పిన నౌరే అన్నాడు కదా, ఆ అవగాహనను డాక్యుమెంట్లలో పూర్తిగా దించలేమని? మరి రాసి లాభమేంటి?" ఈ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది. పూర్తిగా దించలేం, ఒప్పుకుంటాను. రీవైండింగ్ షాపాయన వేళ్ళకు తెలిసింది ఏ కాగితం మీదకూ రాదు. కానీ ఎందుకో ఒక్క వాక్యం ఉంటే, చదివినవాడికి ఎవర్ని ఏమి అడగాలో తెలుస్తుంది. నేను ఆ రాత్రి రెండింటికి కనీసం ఒక ప్రశ్న అడిగి ఉండేవాణ్ణి. ఈ క్యూలో ఇప్పుడు పోయేవి ఏమిటి అని.

మా మండలంలోనే పల్లవోలు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ చదివే పిల్లల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలోనో, పేరుకు మాత్రమే ఇంగ్లీషు మీడియంలోనో వచ్చినవాళ్ళు. వాళ్ళు బట్టీపట్టేది తెలివి తక్కువై కాదు. ఎందుకో చెప్పే పుస్తకం వాళ్ళకు సలీసుగా ఎక్కే భాషలో దొరకదు. మెట్లు మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. నేనూ అలాగే బట్టీపట్టి వచ్చాను. రూట్ మూడు ఎక్కడిదో తెలియడానికి మోటరు కాలాల్సి వచ్చింది.

మోటరు మూడో రోజు తిరిగొచ్చింది, కొత్త కాయిల్‌తో, దానికి తగ్గ కండెన్సరుతో. షాపాయన ఇంకో మాట కూడా చెప్పి పంపాడు, వీలైతే ఆ డబ్బా జోలికే పోవద్దు, మూడు ఫేజులు వచ్చిందాకా ఆగు అని. నేను ప్రొద్దుటూరులో చిన్న డబ్బా తెల్ల పెయింటు కొని, షెడ్డు గోడ మీద బొగ్గు రాత తుడిచి, కొత్తగా రాశాను. ప్రతి మెట్టు కింద ఎందుకో ఒక లైను. "మూడు బల్బులూ వెలగాలి. ఒకటి వెలగకపోతే మూడో మనిషి రాలేదని అర్థం." "ఈ కండెన్సరు ఏడున్నరకే. మోటరు మారిస్తే ఇదీ మార్చాలి."

చిన్నాయన మంచం మీద కూర్చుని అంతా చూసి, "నాలుగోది తప్పు రాసినావు రా అబ్బీ" అన్నాడు.

ఏం తప్పన్నాను.

"మూలుగు రెండు రకాలు. ఫేజు లేకుంటే తిరగకుండా మూలుగుతాది. ఫుట్‌వాల్వులో కుందూ చెత్త పడితే తిరుగుతానే ఉంటాది గానీ నీళ్ళెత్తదు, ఒట్టి ఈల మాదిరి వచ్చాది. అప్పుడు కండెన్సరు ఏచ్చే ఏం లాభం? నీళ్ళలోకి దిగి చెత్త తియ్యాల. ఆ ఎలక్ట్రీషియన్‌కు ఇది తెలీదు. వాడు ఈడ పండుకున్నాడా ఏమన్నానా?"

అదీ రాశాను. గోడ మీద జాగా అయిపోయింది. మిగిలింది తలుపు వెనక రాసినాం.